కారు లేని షెడ్డులో పడవ పుట్టింది

మా ఇంట్లో కారు షెడ్డు ఉంది, కారు లేదు. గాజువాకలో ఇల్లు కట్టుకున్నప్పుడు ‘ఎప్పటికైనా కొనకపోతామా’ అని నాన్న ముందుచూపుతో రేకుల షెడ్డు వేయించారు. ఇరవై ఏళ్లయింది. నాన్న సైకిలు, నా స్కూటీ, అమ్మ వడియాలు ఎండబెట్టే మడతమంచం, బియ్యం బస్తాలు, ఎప్పుడో కొన్న ఫ్రిజ్ తాలూకు అట్టపెట్టె... అన్నీ అందులో కాపురం చేశాయి. కారు మాత్రం రాలేదు. పోయిన ఏడాది అక్కడ ఒక పడవ పుట్టింది. ఎనిమిది అడుగుల చెక్క పడవ. కట్టింది నేనే. ఒక్కదాన్నే కట్టానంటే మాత్రం మా నాన్న ఊరుకోరు.

‘నీకు పడవేంటి?’ అని మీరు అడగొచ్చు. మా వీధిలో అందరూ అడిగారు. అయితే అంతకుముందు వాళ్లు అడిగిన ప్రశ్న వేరే ఉంది. ముందు దాని గురించి చెప్పాలి.

నాకు ముప్పై ఒకటి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాలుగేళ్ల పెళ్లి. ఆ పెళ్లి నిలబడలేదు. ఇద్దరం కలిసే విడాకులకి సంతకాలు పెట్టాం. కంపెనీ ఇంటి నుంచి పని చేసుకోమంది కాబట్టి రెండు సూట్‌కేసులు, ఒక లాప్‌టాప్‌తో వైజాగ్ వచ్చేశాను. నాన్న గేటు తీశారు. సూట్‌కేసు అందుకున్నారు. ‘టిఫిన్ చేశావా?’ అన్నారు. ఆ తర్వాత ఏడు నెలలు ఆ విషయం మీద ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కోపం లేదు, ఓదార్పూ లేదు. ఉత్త నిశ్శబ్దం.

ఆ లోటు వీధి తీర్చింది. కూరగాయల బండి దగ్గర, కిరాణా కొట్లో, గుడి మెట్ల మీద ఒకటే ప్రశ్న: ‘ఎప్పుడెళ్తావమ్మా?’ మొదట్లో ‘సెలవు పెట్టాను ఆంటీ’ అనేదాన్ని. ఎన్నాళ్లని సెలవు పెడతాం?

కుట్టు పడవ అంటే

రాత్రిళ్లు నిద్ర పట్టక ఫోన్ చూస్తుంటే ఒక వీడియో తగిలింది. ఇంగ్లండ్‌లో ఒక పెద్దాయన ఇంటి గ్యారేజీలో పడవ కడుతున్నాడు. ప్లైవుడ్ ముక్కల అంచుల్లో చిన్న చిన్న చిల్లులు వేసి, రాగి తీగతో వాటిని బట్ట కుట్టినట్టు కుడుతున్నాడు. చదునుగా పడి ఉన్న చెక్కలు తీగ బిగించే కొద్దీ వంగుతూ లేచి పడవ అయిపోతున్నాయి. నలభై నిమిషాల వీడియోని ఆ రాత్రి మూడుసార్లు చూశాను.

తర్వాత చదివితే తెలిసింది, ఈ పద్ధతికి పెద్ద పేరే ఉందని. 1962లో బ్రిటన్‌లో జాక్ హోల్ట్ అనే పడవల డిజైనర్, టీవీలో ఇంటి పనులు నేర్పించే బ్యారీ బక్‌నెల్ కలిసి ‘మిర్రర్’ అనే చిన్న తెరచాప పడవని తయారుచేశారు. డైలీ మిర్రర్ పత్రిక వెనక నిలబడింది కాబట్టి ఆ పేరు. పడవకి కావలసిన ముక్కలన్నీ కోసి కిట్‌గా అమ్మేవారు. వడ్రంగం రానివాళ్లు కూడా గ్యారేజీల్లో, ఇంటి హాళ్లలో కట్టేసుకున్నారు. అలా ప్రపంచంలో 70 వేలకు పైగా మిర్రర్ పడవలు తయారయ్యాయి.

దానికంటే ముందే, 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసం ‘ఆప్టిమిస్ట్’ పడవని గీశాడు. బజార్లో దొరికే 8 అడుగుల ప్లైవుడ్ షీట్లతో అయిపోవాలి, ఖర్చు తక్కువ కావాలి అన్నది ఆయన లెక్క. మీరు హైదరాబాద్‌లో ఉంటే ఆ పడవని చూసే ఉంటారు. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు ఒక్కొక్కరే కూర్చుని నడిపే, ముక్కు నరికేసినట్టుండే చిట్టి తెరచాప పడవ అదే. ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌తో చేస్తున్నారు గానీ పుట్టింది మాత్రం చెక్కతోనే.

విదేశాల నుంచి కిట్ తెప్పిద్దామని చూస్తే పడవ ధర కంటే ఓడ కిరాయి, కస్టమ్స్ ఎక్కువయ్యేలా ఉన్నాయి. అందుకని ఒక చిన్న తెడ్ల పడవ డిజైను ఫైలు మాత్రం డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకున్నాను. మూడు షీట్ల మెరైన్ ప్లైవుడ్ కొన్నాను. 6 మిల్లీమీటర్ల మందం, ఐఎస్ 710 ముద్ర ఉన్నది. మామూలు ప్లైవుడ్‌కీ దీనికీ తేడా జిగురులో ఉంటుంది. నీళ్లలో నానినా పొరలు విడిపోకూడదు. ఆటోనగర్‌లో తలుపులకి, పూజా మందిరాలకి డిజైన్లు కోసే సీఎన్‌సీ మిషను ఉన్న షాపుకి ఫైలు, షీట్లు పట్టుకెళ్లాను.

మిషన్ దగ్గరున్న కుర్రాడు స్క్రీన్ మీద ఆకారాలు అటూ ఇటూ తిప్పి చూసి, ‘అక్కా, ఇవి ఏ దేవుడి మందిరానికి?’ అని అడిగాడు.

‘గంగమ్మకి’ అన్నాను. సంతృప్తిపడి కోసేశాడు.

నాన్న ఉద్యోగం

ముక్కలు ఆటోలో ఇంటికొచ్చాయి. షెడ్డులో పేర్చాను. అమ్మ గుమ్మంలోంచి చూసి ‘ఏటే ఇది, మంచమా?’ అంది. పడవ అని చెప్పాను. ‘రామ రామ’ అనేసి లోపలికెళ్లిపోయింది.

నాన్న మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చారు. పైనున్న పొడవాటి ముక్కని పక్కకి తీసి, అంచుని కంటికి ఆనించి, ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు చివరిదాకా చూశారు. ‘గీత సాఫీగానే ఉంది’ అన్నారు. ఎన్నో నెలల తర్వాత ఆయన నాతో ఏదో ఒక విషయం గురించి మాట్లాడడం అదే మొదలు.

మా నాన్న షిప్‌యార్డులో వడ్రంగి. ‘ఇనప ఓడలు కట్టే చోట వడ్రంగికేం పని?’ అని చిన్నప్పుడు స్కూల్లో నన్ను అడిగేవాళ్లు. నాకూ సరిగ్గా తెలిసేది కాదు. నాన్న ‘మౌల్డ్ లాఫ్ట్’లో పనిచేశారు. కంప్యూటర్లు రాకముందు ఓడ ఆకారాన్ని కాగితం మీద చిన్నగా గీసి, తర్వాత అదే ఆకారాన్ని పెద్ద హాలు నేల మీద ఓడ అసలు కొలతలతో గీసేవారు. సన్నటి, సాగే చెక్క బద్దని వంచి, దాని వెంట గీత గీస్తారు. ఆ గీతల నుంచి చెక్కతో అచ్చులు తయారుచేస్తారు. ఆ అచ్చుని ఇనప ప్లేటు మీద పెట్టి గుర్తులు పెట్టాక కోత, వెల్డింగ్. అంటే ఇనప ఓడ ముందు చెక్కలో పుడుతుంది.

‘ఇప్పుడా హాలు, ఆ గీతలు, ఆ అచ్చులు, మా పదిమంది ఉద్యోగాలు... అన్నీ నీ పెన్‌డ్రైవ్‌లో పట్టేశాయన్నమాట’ అన్నారు నాన్న, సీఎన్‌సీ కోసిన అంచుని బొటనవేలితో తడుముతూ. బాధగా అనలేదు. మంచి పనిని చూసిన పనివాడు అన్నట్టు అన్నారు.

మన షిప్‌యార్డు కథ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ దానికి శంకుస్థాపన చేశారు. కట్టించింది వాల్‌చంద్ హీరాచంద్, ఆయన సింధియా కంపెనీ. ఇవాళ్టికీ ఆ ప్రాంతం పేరు సింధియానే, బస్సు బోర్డు మీద చూడొచ్చు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. 1948 మార్చి 14న ‘జల ఉష’ అనే 8 వేల టన్నుల ఓడని నెహ్రూ నీళ్లలోకి దింపారు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడ అది. నాన్న ఉద్యోగంలో చేరేసరికి ఆ కాలం మనుషులెవరూ మిగల్లేదు గానీ, ఆ కథ మాత్రం కొత్తగా చేరిన ప్రతి వాళ్లకీ క్యాంటీన్‌లో టీతో పాటు అందేదట.

ఇన్ని ఓడలకి అచ్చులు చేసిన మనిషి ఎప్పుడైనా ఓడ ఎక్కి సముద్రం మీదకి వెళ్లారా? ఆ సాయంత్రమే అడిగాను. ‘మనదెప్పుడూ ఒడ్డు మీద పనే కదమ్మా’ అన్నారు.

మేం వదిలేసింది మీరు పట్టుకున్నారు

కుట్టడం ఏప్రిల్‌లో మొదలుపెట్టాం. రెండు ముక్కల అంచులు పక్కపక్కన పెట్టి, జానెడు దూరానికి ఒకటి చొప్పున చిల్లులు వేయాలి. చిల్లులోంచి రాగి తీగ దూర్చి బయటి వైపు రెండు మెలికలు తిప్పాలి. మొదట అన్నీ వదులుగా ఉంచాలి. తర్వాత మధ్యలోంచి చివరలకి కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. ఒకేచోట గట్టిగా బిగిస్తే ఇంకోచోట చెక్క పొంగుతుంది. నాన్న రెండు మూలల నుంచి దారం లాగి చూసి, ‘ఇటు నాలుగు మిల్లీలు లాగు. అటు ఒక మెలిక వదులు’ అని చెబుతుంటే నేను కటింగ్ ప్లేయర్‌తో తిప్పేదాన్ని. రెండు ఆదివారాలు గడిచేసరికి పడవ లేచి నిలబడింది. ముళ్లపందిలా ఒంటి నిండా రాగి ముళ్లు.

అప్పుడు చేపల వేట నిషేధం నడుస్తోంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలూ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి మరమ్మతులు జరుగుతాయి. నాన్న నన్ను తీసుకెళ్లి వడ్రంగుల పని చూపించారు. పలకల సందుల్లో దూది పురి పెట్టి ఉలితో కొడుతుంటే వచ్చే టక్ టక్ శబ్దం రేవంతా వినిపిస్తుంది. 2023 నవంబరులో ఆ హార్బర్‌లోనే ఒక రాత్రి మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. ఒక బోటు కాలిపోవడమంటే దాని మీద బతికే కొన్ని కుటుంబాల పొయ్యి ఆరిపోవడమే. ఆ మాట అక్కడ నిలబడి విన్నాక, నేను సరదాకి పడవ కట్టుకుంటున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

చెప్పింది నాన్నే. అక్కడ పరిచయమైన పెదజాలరిపేట తాత ఒకాయన ‘ఓపాలి చూస్తాన్రా’ అని మరుసటి వారం మా ఇంటికొచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి. షెడ్డులో అడుగుపెట్టి, రాగి కుట్ల మీద చెయ్యేసి, పడవ చుట్టూ ఒకసారి తిరిగారు.

‘ఏటమ్మా ఇది... కుట్టు పడవే!’ అన్నారు.

మన కోస్తాలో మసూలా పడవలని ఉండేవి. వీటికి మేకు ఉండదు. లోపల పక్కటెముకల్లాంటి చట్రం కూడా ఉండదు. పలకకి పలకని కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఎందుకంటే మన తీరంలో అల ఒడ్డు దగ్గరే విరుగుతుంది. మేకులు కొట్టి బిగించిన పడవ ఆ దెబ్బకి, ఇసుక తాకిడికి పగిలిపోతుంది. కుట్టిన పడవ మాత్రం బుట్టలా వంగి, సాగి, ఒడ్డు చేరుతుంది. రేవులు కట్టకముందు మద్రాసు నుంచి ఇటు దాకా పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే, మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చింది ఈ పడవలే. విశాఖలో ఓడరేవు తెరిచింది 1933లో. అంతకుముందు ఈ ఊరికి అల దాటి రావాలంటే దిక్కు కుట్టు పడవే.

తాత తన చిన్నప్పుడు అలివి వల వేయడానికి అలాంటి పడవ మీదే వెళ్లేవారట. ఏటేటా కుట్లు విప్పి, తాళ్లు మార్చి, మళ్లీ కుట్టేవారట. తర్వాత ఫైబర్ పడవలొచ్చాయి, ఇంజన్లొచ్చాయి. తెప్పలూ కుట్టు పడవలూ ఒడ్డున ఎండిపోయాయి.

‘మేం వదిలేసింది మీరు పట్టుకున్నారు’ అన్నారు తాత నవ్వుతూ. కాసేపాగి, ‘మీకు ఆట గానీ, మాకు కూడమ్మా’ అని కూడా అన్నారు. ఆ రెండో మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆయన జవాబు కోసం అడగలేదు కూడా. కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగుతూ, అల విరిగేటప్పుడు పడవ ముక్కు ఎటు ఉండాలో నాకు చేత్తో చూపించారు.

ఆ రాత్రి ఫోన్‌లో చదివాను. మన నేవీ కూడా ఒక కుట్టు ఓడని కట్టించింది. అజంతా గుహల్లోని అయిదో శతాబ్దపు బొమ్మలో ఉన్న ఓడని చూసి, కేరళ పనివాళ్లతో కొబ్బరి తాడుతో కుట్టించి, 2025 మేలో కార్వార్‌లో నౌకాదళంలోకి తీసుకున్నారు. పేరు ‘కౌండిన్య’. మా షెడ్డులో రాగి ముళ్లతో నిలబడ్డ దాన్ని చూసి కొంచెం గర్వంగా అనిపించింది.

వైజాగ్ ఎండ, ఎపాక్సీ జిగురు

తీగ తాత్కాలికమే. పడవని నిజంగా పట్టి ఉంచేది ఎపాక్సీ. రెండు డబ్బాలు ఉంటాయి, ఒకటి రెజిన్, ఇంకోటి హార్డెనర్. డబ్బా మీద రాసిన పాళ్లలో కలపాలి, కంటి లెక్క పనికిరాదు. దానికి మెత్తటి రంపపు పొట్టు కలిపితే అట్ల పిండిలా చిక్కబడుతుంది. ఆ ముద్దని లోపలి మూలల్లో పెట్టి, చెంచా వెనక భాగంతో గుండ్రంగా లాగాలి. దాని మీద ఫైబర్ గ్లాస్ పట్టీ అంటించి, మళ్లీ ఎపాక్సీ పూయాలి. గట్టిపడ్డాక రాగి తీగలు తీసేసి, బయటి వైపు కూడా అలాగే చేయాలి.

చల్లటి దేశాల వాళ్ల వీడియోలు మనకి ఇక్కడ సగమే పనికొస్తాయి. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు దానంతట అదే వేడెక్కుతుంది. మన ఎండలో ఒకేసారి మగ్గు నిండా కలిపితే నిమిషాల్లో పొగలు కక్కి రాయైపోతుంది. అందుకే టీ కప్పుడు చొప్పున కలిపి, వెంటనే వెడల్పు పళ్లెంలో పరచాలి. ఇంకోటి, పొద్దున్నే పూస్తే ఎండెక్కే కొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూత మీద బుడగలు లేస్తాయి. సాయంత్రం, వేడి తగ్గుముఖం పట్టాక పూస్తే చెక్కే జిగురుని లోపలికి పీల్చుకుంటుంది. తేమ గాలికి పూత మీద మైనంలాంటి జిడ్డు పొర కూడా ఏర్పడుతుంది. మరుసటి పొర వేసే ముందు నీళ్లతో, గిన్నెలు తోమే పీచుతో కడిగేయాలి. ఆ పని అమ్మ తీసుకుంది. ‘రామ రామ’ అనడం ఆపేసింది కూడా.

చేతులకి గ్లౌజులు, ముక్కుకి మంచి మాస్కు లేకుండా ఈ పని ముట్టుకోవద్దు. ఎపాక్సీ చర్మానికి పడకపోతే దద్దుర్లు వస్తాయి, దాని పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

మే నెలంతా ఆఫీసు పని అయిదున్నరకి ముగించి, ఆరింటి నుంచి చీకటి పడేదాకా షెడ్డులోనే. గేటు తెరిచే ఉండేది. వీధిలో పోయేవాళ్లు ఆగేవారు. పిల్లలు వచ్చి కూర్చునేవారు. ఎదురింటి ఆంటీ వాకింగ్ నుంచి వస్తూ రోజూ ఒకసారి తొంగి చూసేవారు. ఒకరోజు కూరగాయల బండి దగ్గర ఆవిడే అడిగారు.

‘ఎప్పుడవుతుందమ్మా?’

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఎప్పుడెళ్తావు అని కాదు, ఎప్పుడవుతుంది అని. ఆ మార్పు ఎప్పుడు జరిగిందో నేను గమనించనే లేదు. వీధి మొత్తం ప్రశ్న మార్చేసుకుంది. ‘ఆ పడవమ్మాయి’ అని నాకు పేరు కూడా పెట్టేశారని కిరాణా కొట్టాయన చెప్పారు. అంతకుముందున్న పేరుతో పోలిస్తే ఇది బంగారం.

అటువైపు పట్టుకో అన్నయ్యా

జూన్‌లో పెదనాన్న వచ్చారు. నాన్నకి స్వయానా అన్న, మా ఇంట్లో ఆయన మాటకి విలువెక్కువ. ఆయన ఎందుకొచ్చారో అమ్మ మొహం చూస్తేనే తెలిసిపోయింది. సర్దుకుపోవాలని, ఆ అబ్బాయి వాళ్లతో తాను మాట్లాడతానని, ఆడపిల్ల పుట్టింట్లో ఇన్నాళ్లుంటే రేపు తమ్ముళ్ల పెళ్లిళ్లకి అడ్డమని... హాల్లో కూర్చుని మొదలుపెట్టారు. నాకు తమ్ముళ్లు లేరు. పెదనాన్న కొడుకుల గురించి అన్నమాట.

నాన్న విన్నారు. లేచి, ‘అన్నయ్యా, ఓసారిలా రా’ అని షెడ్డులోకి తీసుకెళ్లారు. పడవ అడుగు భాగానికి ఫైబర్ గ్లాస్ గుడ్డ వేయాలంటే దాన్ని బోర్లా తిప్పాలి. ముప్పై, నలభై కిలోల బరువు ఉంటుంది, నలుగురు పట్టుకుంటే సుఖం. నాన్న ముందు, నేను వెనక, అమ్మ ఒక పక్క.

‘అటువైపు పట్టుకో అన్నయ్యా’ అన్నారు నాన్న.

పెదనాన్న పంచె ఎగ్గట్టి పట్టుకున్నారు. పడవ గాల్లోకి లేచింది. సగం తిప్పి, అంచు మీద నిలబెట్టి, చేతులు మార్చుకుంటున్నప్పుడు నాన్న చాలా మామూలుగా అన్నారు: ‘ఆ సంబంధం సంగతి అయిపోయింది. నా కూతురు ఇక్కడే ఉంటుంది. జాగ్రత్త, వేళ్లు పడతాయి. ఇప్పుడు దింపు.’

దింపాం. పడవ వీపు పైకి వచ్చింది. పెదనాన్న చేతులు దులుపుకుని దాన్ని చూస్తూ కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘బరువు తక్కువే ఉందిరా’ అన్నారు. మధ్యాహ్నం అమ్మ చేపల పులుసు వడ్డిస్తే తిని, ఆ విషయం మళ్లీ ఎత్తకుండానే అనకాపల్లి బస్సెక్కారు.

నాన్న నాతో ఆ తర్వాత కూడా ఏమీ అనలేదు. నాకు మళ్లీ వినాల్సిన అవసరమూ రాలేదు. గరుకు కాగితం తీసుకుని ఇద్దరం అడుగు భాగం రుద్దడం మొదలుపెట్టాం.

ఈత వస్తేనే పడవ

రంగులు వేసేటప్పుడు నాన్న ఒక షరతు పెట్టారు. ‘ఈత రానిదే పడవ గేటు దాటదు.’

సముద్రం ఒడ్డున పుట్టి పెరిగి ఈత రానివాళ్లు మన ఊళ్లో ఎంతమందో! బీచ్‌లో మోకాళ్ల దాకా దిగి సెల్ఫీ తీసుకోవడమే మనకి సముద్రం. ఆర్కే బీచ్‌లో అల వెనక్కి లాగేటప్పుడు కాళ్ల కింద ఇసుక జారిపోవడం అందరికీ అనుభవమే, ఆ లాగుడుకి ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. నేను బీచ్ రోడ్డులోని స్విమ్మింగ్ పూల్‌లో చేరాను. పొద్దున ఆరింటి బ్యాచిలో నా పక్కన ఏడేళ్ల పిల్లలు. నీళ్లలో మొహం పెట్టడానికి వారం పట్టింది. మూడు నెలలకి ఆగకుండా వంద మీటర్లు ఈదగలిగాను.

ఆ రోజుల్లో నాకు ధైర్యమిచ్చిన పేరు ఒకటుంది. మన విశాఖ అమ్మాయి, లెఫ్టినెంట్ కమాండర్ పాతర్లపల్లి స్వాతి. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ‘తారిణి’ అనే తెరచాప పడవలో బయల్దేరి ప్రపంచాన్ని చుట్టి, 2018 మేలో తిరిగొచ్చిన ఆరుగురు మహిళా నేవీ అధికారుల్లో ఆమె ఒకరు. వర్తికా జోషి నాయకత్వం. ఆ జట్టులో హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య కూడా ఉంది. తారిణి పొడవు 55 అడుగులే. అంటే మహా అయితే ఒక పెద్ద కంటైనర్ లారీ అంత. దాంతో దక్షిణ మహాసముద్రాలు దాటారు. నేను ఎనిమిది అడుగుల పడవలో నది దాటలేనా అనుకున్నాను.

పేరు పెట్టే పని మిగిలింది. సింధియా వాళ్ల ఓడల పేర్లు ‘జల’తో మొదలయ్యేవి. జల ఉష, జల ప్రభ ఇలా. మనదీ అలాగే ఉండాలన్నారు నాన్న. అమ్మ పేరు రత్నం. ‘జలరత్నం’ అని నాన్నే పెన్సిలుతో గీసి, నీలం రంగు నింపారు. అక్షరాల గుండ్రాలు చూస్తే ముప్పై ఏళ్లు గీతలు గీసిన చెయ్యి అని తెలిసిపోతుంది. ‘నా పేరు పెట్టి నన్ను ఎక్కించకపోతే ఊరుకోను’ అంది అమ్మ.

సముద్రంలో దింపే ఆలోచన మొదట్నుంచీ లేదు. ఇలాంటి చిన్న పడవకి మన అలలు తగవు. సంక్రాంతి అయ్యాక ఒక ఆదివారం ట్రాలీ ఆటోలో పడవని కట్టుకుని భీమిలి వెళ్లాం. అక్కడ గోస్తనీ నది సముద్రంలో కలిసే ముందు నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. జాలరిపేట తాత ముందే చెప్పారు, పోటు ఎక్కుతున్నప్పుడే దిగాలని. అప్పుడు నీళ్లు మనల్ని లోపలికి, నదిలోకి తోస్తాయి. పాటు మొదలయ్యాక దిగితే సముద్రం వైపు లాగుతాయి. ఆయన కూడా వచ్చారు. ముక్కుకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, ‘తొయ్యండి’ అన్నారు.

ముందు నేనొక్కదాన్నే, లైఫ్ జాకెట్ వేసుకుని. తెడ్డు వేస్తే మొదట గుండ్రంగా తిరిగింది. రెండు చేతుల బలం ఒకటి కావడానికి కొంచెం సమయం పట్టింది. తర్వాత సూటిగా వెళ్లింది. అడుగున కుట్లున్న చోటల్లా చేత్తో తడిమాను. ఎక్కడా తడి లేదు.

తిరిగొచ్చి నాన్నని రమ్మన్నాను. ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, అంచు పట్టుకుని, మధ్యలో కాలు పెట్టి నెమ్మదిగా కూర్చున్నారు. ఇన్ని ఓడలకి అచ్చులు గీసిన మనిషి నీళ్ల మీద తేలడం అదే మొదటిసారి. కొంతదూరం వెళ్లాక తెడ్లు తనకివ్వమన్నారు. వెనక్కి చూడకుండా, నేరుగా, గీత గీసినట్టు లాగారు. ఒడ్డున అమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడింది.

‘ఇంక నా వంతు. అక్కడే తిప్పండి’ అని అరుస్తోంది.